యథాతథ లత

ప్రాంతీయ సమన్వయ సంచాలనాలయం ఏం పని చేస్తుందో విశాఖపట్నంలో ఎవరికీ తెలియదు. లోపల పనిచేసేవాళ్లకు తెలుసేమో గానీ, అడగడం మర్యాద కాదని ఎవరూ అడగరు. అక్కడి నుంచి బయటికి వెళ్లే ప్రతి ఉత్తర్వులోనూ "యథాతథంగా" అనే మాట ఒక్కసారైనా ఉంటుందనీ, దాన్ని పెట్టేది సీనియర్ అసిస్టెంటు పొట్నూరు గోవర్ధనరావేననీ మాత్రం అందరికీ తెలుసు. ఫ్యాన్లు మరమ్మతు చేయించి యథాతథంగా బిగించవలెను. సెలవు ముగిసిన ఉద్యోగి యథాతథంగా విధులలో చేరవలెను. ఒకసారి రిటైరయ్యాక చనిపోయిన సూపరింటెండెంటు సంతాప సందేశంలో కూడా పెట్టబోతే టైపిస్టు చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆ మాటంటే ఆయనకు ఎందుకంత ఇష్టమో ఆయనకే సరిగ్గా తెలియదు. వాక్యం చివర అది పడితే కాగితానికి బరువు వస్తుందని నమ్మకం. అర్థం సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆఫీసులో ఇరవై రెండేళ్లు నెగ్గుకొచ్చింది అలా ఆలోచించకపోవడం వల్లనేనని తరువాత ఆయనే ఒప్పుకున్నాడు.

జూలైలో సంచాలకులు రఘుపతిరాజుగారు ఎక్కడో కొండ ఊళ్లో మూడు రోజుల శిక్షణకు వెళ్లి వచ్చారు. వస్తూనే గోవర్ధనరావును పిలిపించారు.

"గోవర్ధనరావ్, మన కార్యాలయంలో రంగు కరువైందయ్యా. అక్కడ ప్రతి సీటు పక్కనా ఒక మొక్క వేలాడుతోంది. ఊదా రంగు ఆకు, మధ్యలో వెండి చారలు. అది కంటపడుతుంటే ఉద్యోగి ఉత్పాదకత పద్దెనిమిది శాతం పెరుగుతుందట."

"చిత్తం సార్. మన ఉత్పాదకత ఏమిటో కొలవడానికి ఒక కమిటీ..."

"అది తరువాత. ముందు సీటుకొక మొక్క. దాన్ని ఎలా చూసుకోవాలో ఒక సర్క్యులర్ వెయ్యండి. మీ స్టైల్లో ఉండాలి."

మీ స్టైల్లో అనేసరికి గోవర్ధనరావుకు ఒళ్లు తెలియలేదు. నర్సరీవాడు ఆ మొక్కను జీబ్రా తీగ అన్నాడు. గవర్నమెంటు కాగితం మీద జీబ్రా ఏం బాగుంటుందని ఆయన దానికి "వర్ణశోభిత లంబమాన లత" అని నామకరణం చేశాడు. ఆ పూట మరే ఫైలూ ముట్టకుండా కూర్చుని సర్క్యులర్ రాశాడు. సదరు లతకు దినమునకు రెండు పర్యాయములు ఒక్కొక్క గ్లాసు చొప్పున నీరు పోయవలెను. సెలవు దినములలో పోయని నీటిని తదుపరి పనిదినమున కలిపి పోయవలెను. సదరు లతను కేటాయించిన స్థానము నుండి కదపరాదు, తుంచరాదు, కోయరాదు. స్టాకు రిజిస్టరులో నమోదైన రంగు, పొడవు, తీగల సంఖ్య ప్రకారము యథాతథంగా ఉంచవలెను.

చివరి వాక్యం ఆయనకు ఎంత నచ్చిందంటే, ఆ సాయంత్రం భార్య వత్సలకు ఫోనులో చదివి వినిపించాడు.

"బాగానే ఉంది గానీ, అది మొక్క కదండీ. పెరగదా?" అంది వత్సల.

"నీకు ఆఫీసు భాష తెలియదులే" అన్నాడు గోవర్ధనరావు.

వత్సల సోంపేటలో హైస్కూలు టీచరు. ఆరేళ్లుగా గోవర్ధనరావు శనివారం రైలెక్కి సోంపేట వెళ్లడం, ఆదివారం రైలెక్కి తిరిగి రావడం. మొగుడూ పెళ్లాలు కలిసి సోమవారం నాడు అన్నం తిన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ ఏడు సోంపేట శాఖా కార్యాలయంలో ఒక ఖాళీ వచ్చింది. భార్యాభర్తల కోటాలో మొదటి పేరు గోవర్ధనరావుదే. డిసెంబరు ఇరవైన బదిలీల కౌన్సెలింగ్. షరతు ఒక్కటే, ఆ రోజుకు ఉద్యోగి మీద ఏ అభియోగమూ పెండింగులో ఉండకూడదు. ఆయన మీద ఇంతవరకు మెమో అన్నదే లేదు. ఎలా ఉంటుంది, అందరికీ మెమోలు రాసేది ఆయనే కదా.

మొక్కలు వచ్చాయి. స్టాకు రిజిస్టరులో గోవర్ధనరావు తన మొక్క వివరం తానే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు: రంగు ఊదా, వెండి చారలు కలవు, పొడవు పన్నెండు అంగుళాలు, తీగలు మూడు. దాన్ని తన సీటు వెనక బీరువా మీద పెట్టించాడు. ఆ మూలకు ఎండన్నది రాదు. కిటికీకి అడ్డంగా పాత ఫైళ్ల ర్యాకులు ఉన్నాయి. ఉన్న ఒక్క ట్యూబులైటూ బుద్ధి పుట్టినప్పుడు వెలుగుతుంది.

సర్క్యులర్ ప్రకారం అటెండరు చేతి మీదుగా మొక్కకు రోజుకు రెండు గ్లాసులు పడ్డాయి. రెండో శనివారం, ఆదివారం సెలవులు కలిసి వచ్చినప్పుడు సోమవారం నాడు ఆరు గ్లాసులు పడ్డాయి. దసరా సెలవులు అయ్యాక ఏకంగా ఒక బకెట్టు పోశారు. కుండీ కింద బీరువాకు తుప్పు పట్టింది.

అక్టోబరులో ఒక ఉదయం ఊడుస్తున్న అసిరమ్మ బీరువా దగ్గర ఆగిపోయింది. ఆమె ఆ ఆఫీసులో పదిహేనేళ్లుగా స్వీపరు. శ్రీకాకుళం వైపు మనిషి.

"ఏటి బావూ ఇది, ఇలగైపోనాది?" అంది.

గోవర్ధనరావు తలెత్తి చూశాడు. నిజం చెప్పాలంటే మూడు నెలల్లో ఆయన ఆ మొక్కను చూడడం అదే మొదటిసారి. ఊదా రంగు లేదు. చారలు లేవు. వెలిసిపోయిన ఆకుపచ్చ ఆకులు, ఒక ఆకుకూ ఇంకో ఆకుకూ మధ్య బెత్తెడు ఖాళీ, కొసలు గోధుమరంగుకు తిరిగి ఎండిపోయి ఉన్నాయి. తీగలు మాత్రం సన్నగా సాగి బీరువా దాటి ఆయన కుర్చీ వెనక్కి దిగాయి.

"పెరిగింది కదమ్మా, బాగానే ఉన్నట్టుంది" అన్నాడు.

"పెరగడం కాదు బావూ, ఎలుతురు కోసం ఎతుక్కుంతంది. ఎలుతురు లేకపోతే ఈటికి రంగు పోద్ది. అడుగున సూడండి, నీలు నిలబడిపోయి ఏర్లు కుల్లిపోతన్నాయి." అసిరమ్మ మట్టిలో వేలు పెట్టి వాసన చూసి మొహం చిట్లించింది. "కొసలు తుంపీసి కొత్త మట్టిలో గుచ్చీసి, ఆ కిటికీ కాడ ఎట్టీసి, మట్టి ఎండినప్పుడే నీలు పొయ్యండి. పది దినాల్లో ఏరొచ్చీద్ది. కొత్త సిగురు వంకాయ రంగులో వత్తాది. మా ఇంటికాడ గోలెం నిండా ఇదే."

"తుంచరాదు. కదపరాదు" అన్నాడు గోవర్ధనరావు.

"ఎవులన్నారు?"

"సర్క్యులర్."

"అది రాసింది తమరే గదా బావూ?"

"నేనే రాశాను. అందుకే నేను తప్పకూడదు."

ఇంత మూర్ఖమైన మాట ఇంత గొప్పగా ఎలా అనగలిగానా అని ఆయన తరువాత చాలాసార్లు అనుకున్నాడు. ఆ రోజు మాత్రం చొక్కా సర్దుకుని ఫైలు తీశాడు. అసిరమ్మ ఆయన వంకా మొక్క వంకా జాలిగా చూసి చీపురు అందుకుంది.

నెలాఖరున హరిత తనిఖీ అధికారి పరాంకుశంగారు దిగారు. చేతిలో దర్జీ టేపు, చంకలో స్టాకు రిజిస్టరు, జేబులో రంగుల కొట్టువాళ్లు ఇచ్చే షేడు కార్డు. ముందు పక్క సీటు భానోజీ మొక్క చూశారు. భానోజీ మొక్కకు కూడా అదే చీకటి, అవే నీళ్లు. కానీ అది నిగనిగలాడుతూ ముదురు ఊదా రంగులో ఉంది.

"శభాష్! ఊదా అంటే ఇదీ ఊదా" అంటూ పరాంకుశంగారు ఆకును బొటనవేలితో నిమిరారు. వేలికి రంగు అంటింది. భానోజీ స్టాంపు ప్యాడు సిరాతో ఆకులన్నిటికీ తీరిగ్గా పూత వేసి, చారలు కరెక్షన్ ఫ్లూయిడ్‌తో దిద్దాడు. ఒక ఆకు మీద పొరపాటున "అందినది" అనే రబ్బరు ముద్ర కూడా పడింది. పరాంకుశంగారు వేలు చూసుకుని, "ఆహా, సహజ వర్ణద్రవ్యం కూడా సమృద్ధిగా ఉంది" అని రాసుకున్నారు.

తరువాత గోవర్ధనరావు మొక్క దగ్గర షేడు కార్డు తీశారు. పెట్టి చూశారు. తిప్పి చూశారు.

"రిజిస్టరులో ఊదా. భౌతికంగా ఆకుపచ్చ. అంటే ప్రభుత్వ మొక్క స్థానే ప్రైవేటు మొక్క ప్రవేశించింది."

"అది అదే మొక్కండీ! వెలుతురు లేక రంగు పోయింది."

"ఎవరి అనుమతితో పోయింది?"

పరాంకుశంగారు టేపు సాచారు. "ముప్పై ఏడు అంగుళాలు. మంజూరైంది పన్నెండు. మంజూరైన పొడవుకు మించి ఇరవై అయిదు అంగుళాలు కూడబెట్టారు. ఇది రెండో అభియోగం. అసలు ఈ సర్క్యులర్ ఎవరు రాశారో గానీ, తప్పించుకోవడానికి ఒక్క సందు కూడా వదల్లేదు."

మెమో మర్నాడే వచ్చింది. చివరి వాక్యం ఇలా ఉంది: మొక్కను యథాతథంగా ఎందుకు ఉంచలేదో ఏడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను. తన మాట తనకే ఎదురొచ్చి నిలబడితే ఎలా ఉంటుందో గోవర్ధనరావుకు అప్పుడు తెలిసింది.

సంజాయిషీ పట్టుకుని ఆయన రాజుగారి గదిలోకి వెళ్లాడు. మొక్కను ఒక్క నెల కిటికీ దగ్గర పెట్టనిస్తే రంగు తిరిగొస్తుందనీ, అప్పుడు అది అదే మొక్కని రుజువవుతుందనీ విన్నవించుకున్నాడు. రాజుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"గోవర్ధనరావ్, ఒక స్థానం నుంచి ఇంకో స్థానానికి పోవడాన్ని ఏమంటాం?"

"బదిలీ అంటాం సార్."

"అభియోగం పెండింగులో ఉండగా బదిలీ ఇవ్వొచ్చా?"

"కుదరదు సార్... మీరు అంటున్నది మొక్క సంగతా, నా సంగతా?"

"ఇద్దరి సంగతీ. మొక్క మీద రంగు మార్చిన కేసు ఉంది. అది తేలేదాకా కిటికీకి పోవడానికి వీల్లేదు. మొక్క కేసు తేలితే గానీ మీ కేసు తేలదు."

"కిటికీకి పోతేనే గానీ దాని కేసు తేలదు సార్!"

"అందుకే కమిటీ వేశాను" అన్నారు రాజుగారు తృప్తిగా. "డిసెంబరు పదిహేనున తుది తనిఖీ. అంతవరకు మొక్కనూ మిమ్మల్నీ యథాతథంగా ఉంచమన్నాను."

ఆ సాయంత్రం వత్సలకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాడు. ముప్పై ఏడు అంగుళాల దగ్గర ఆమె పకపకా నవ్వింది. స్టాంపు ప్యాడు సిరా దగ్గర మళ్లీ నవ్వింది. తరువాత ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది.

"అంటే ఈ ఏడు కూడా రారు" అంది.

ఆయన ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"జనవరి నుంచి ఇక్కడే ఉంటారనుకుని రెండో కుర్చీ కొన్నానండీ. భోజనాల బల్లకి" అంది వత్సల. "సరేలెండి. కుర్చీ ఎక్కడికీ పోదు."

ఫోను పెట్టేశాక గోవర్ధనరావుకు ఏడుపొచ్చింది. తను రాసిన వాక్యం మీద తనకే అసహ్యం వేసింది. ఎవరి మీదనో కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ, ఎటు తిరిగినా చివరికి తన చేతిరాతే కనబడింది.

శనివారం ఆఫీసు ఖాళీ అయ్యాక అసిరమ్మను పిలిచాడు.

"అసిరమ్మా, తుంచెయ్."

"సర్క్యులర్ ఏటంటాదో మరి?" అంది ఆమె.

"ఏమంటే అననీ. నేను మాట్లాడుకుంటాను దానితో."

అసిరమ్మ గోటితో మూడు తీగల కొసలూ తుంచింది. ఒక్కొక్కటీ జానెడు పొడవు. ఎండిన ఆకులు గిల్లేసి, తడిబట్టలో చుట్టి, ఆయన టిఫిన్ క్యారేజీ పై గిన్నెలో పెట్టింది. మిగిలిన తీగలు బీరువా మీద అలాగే ఉంచారు, ఎవరైనా వచ్చి చూస్తే ముద్దాయి కనబడాలి కదా. ఇరవై రెండేళ్ల సర్వీసులో చేసిన మొదటి నేరాన్ని ఒళ్లో పెట్టుకుని, రైల్లో టీసీ వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడుతూ గోవర్ధనరావు సోంపేట చేరాడు.

వత్సల వాటిని వంటింటి కిటికీలో నీళ్ల సీసాలో పెట్టింది. ఆ కిటికీకి తూర్పు ఎండ వస్తుంది. మరుసటి శనివారానికి తెల్లటి వేళ్లు వచ్చాయి. అప్పుడు ఒక కుండీలో మట్టీ ఇసకా కలిపి గుచ్చారు. గోవర్ధనరావు ఆదివారం రైలెక్కే ముందు రెండు గ్లాసుల నీళ్లు పొయ్యబోతే వత్సల చెయ్యి పట్టుకుంది.

"మట్టి ముట్టుకుని చూడండి. తడిగా ఉంది. మీరు నీళ్లు పొయ్యడం మానుకుంటే అదే బతుకుతుంది."

నాలుగో శనివారం ఆయన చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్లాడు. కొత్త చిగుళ్లు ఊదా రంగులో, నడుమ వెండి చారలతో దగ్గర దగ్గరగా వేసి ఉన్నాయి. ఆకు తిప్పి చూస్తే అడుగు వంకాయ రంగు. ఆయన అయిదు నిమిషాలు అలాగే నిలబడిపోయాడు. ఆఫీసులో మూడు నెలలు నెత్తి మీద ఉన్నా చూడనివాడు, ఇప్పుడు ఒక్కొక్క ఆకూ లెక్కపెట్టుకున్నాడు.

డిసెంబరు పద్నాలుగున మొక్క రైల్లో తిరిగి విశాఖపట్నం వచ్చింది. మర్నాడు పొద్దున్నే అసిరమ్మ పాత కుండీలోని కుళ్లిన మట్టి, పాత తీగలు పారేసి కొత్తది నాటింది. స్కేలు పెట్టి కొలిచి మూడు తీగలూ పన్నెండు అంగుళాలకు సరిచేసింది. పదకొండు గంటలకు రాజుగారూ పరాంకుశంగారూ వచ్చారు. షేడు కార్డు పెడితే రంగు సరిపోయింది. టేపు పెడితే పొడవు సరిపోయింది. పరాంకుశంగారు మొహం వేలాడేసి, మళ్లీ ఒకసారి కొలిచారు.

"ఇదే అసలైన ప్రభుత్వ మొక్క" అని తేల్చారు. కత్తిరించి, ఊరు దాటించి, కుండీ ఖాళీ చేసి తెచ్చిన మొక్క అసలుదైంది. ఒక్క ఆకు తుంచని రోజున అది నకిలీది. గోవర్ధనరావు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

"ఎలా బాగుచేశారయ్యా?" అని అడిగారు రాజుగారు.

ఇక్కడ నోరు మూసుకుని ఉంటే కథ వేరేగా ఉండేది. కానీ మెచ్చుకోలు వినేసరికి గోవర్ధనరావుకు మళ్లీ ఒళ్లు తెలియలేదు. "సోంపేట తీసుకెళ్లాను సార్. అక్కడి వెలుతురు పడింది" అనేశాడు.

రాజుగారు కళ్లజోడు సవరించుకున్నారు. "అనారోగ్య కారణంగా మొక్క హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లింది. సరే, తదనంతర అనుమతి ఇద్దాం. మీ మీద మెమో కొట్టేస్తున్నాం." గోవర్ధనరావు చేతులు జోడించబోయాడు. "అయితే ఒకటి. దానికి సోంపేట పడింది కాబట్టి అక్కడే ఉండాలి. మనకు సోంపేటకు ఈ ఏడు ఒక్క బదిలీయే ఉంది. అది మొక్కకు ఇద్దాం."

"సార్, అది నా..."

"మీరు పోతే ఇక్కడ డ్రాఫ్టులు ఎవరు రాస్తారు? మీరు ఇక్కడే యథాతథంగా ఉండండి. మొక్క బదిలీ ఉత్తర్వు రాసి తీసుకురండి. మీ స్టైల్లో."

గోవర్ధనరావు సీటుకు వచ్చి కూలబడ్డాడు. అసిరమ్మ విషయం విని, "అమ్మా నాయినా, మొక్కకేనా అదురుష్టం!" అంది. ఆయన తెల్ల కాగితం ముందు పెట్టుకున్నాడు. అలవాటు కొద్దీ చెయ్యి "యథాతథంగా" అని రాసేసింది. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా అర్థం చూడకుండా వాడిన మాటకు ఆ రోజు మొదటిసారి అర్థం చూశాడు. ఉన్నది ఉన్నట్టుగా. బీరువా ఉంటుంది అలాగ. రబ్బరు స్టాంపు ఉంటుంది. తను ఉన్నాడు ఆరేళ్లు. మొక్క మాత్రం ఒక్క రోజు కూడా అలాగ ఉండదు.

ఆయన లేచి ట్యూబులైటును ఒక దెబ్బ వేసి వెలిగించి, రాయడం మొదలుపెట్టాడు.

సాయంత్రం రాజుగారు ఉత్తర్వు అందుకుని పైకి చదివారు. "సదరు వర్ణశోభిత లంబమాన లతను సోంపేట శాఖా కార్యాలయమునకు బదిలీ చేయడమైనది. సదరు లత వెంట సంరక్షకునిగా శ్రీ గోవర్ధనరావు తాత్కాలికముగా వెళ్లి, సదరు లత పెరుగుదల గానీ మార్పు గానీ లేక యథాతథ స్థితికి చేరినట్లు ధ్రువీకరించు వరకు అచ్చటనే విధులు నిర్వహించి, పిమ్మట యథాతథంగా ఇచ్చట చేరవలెను." ఆయన ఆగారు. "తాత్కాలికమే కదా? ఎన్ని రోజులు?"

"యథాతథం అయ్యేదాకానే సార్."

"అంటే వారం. సరే. ఆ మాట రెండు సార్లు పడింది, అదీ అందం" అంటూ రాజుగారు సంతకం పెట్టారు.

సోమవారం పొద్దున్న సోంపేటలో భోజనాల బల్ల దగ్గర గోవర్ధనరావు కొత్త కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వత్సల పెసరట్టు వేస్తోంది. ప్రభుత్వ మొక్కను శనివారమే శాఖా కార్యాలయంలో తూర్పు కిటికీలో పెట్టించి వచ్చాడు. తనిఖీ రోజున పన్నెండు అంగుళాలకు సరిచేస్తూ తుంచిన కొసలతో నాటిన పిల్ల మొక్క వంటింటి కిటికీలో ఉంది.

"ఎన్నాళ్లు ఉంటారేమిటి?" అడిగింది వత్సల అటు తిరిగే. గొంతులో మాత్రం భయం తెలుస్తూనే ఉంది.

గోవర్ధనరావు లేచి వెళ్లి మట్టిలో వేలు పెట్టి చూసి, నీళ్లు అక్కర్లేదని గ్లాసు పక్కన పెట్టాడు. తీగ కొసను ఎత్తి చూశాడు.

"రాత్రికి రాత్రి ఇంకో ఆకు వేసింది" అన్నాడు. "ధ్రువీకరణ రిపోర్టు ఇప్పట్లో పంపలేం."